మన దగ్గరికి ఎవరు రావడం లేదు? సామాజిక వివరాలు సేకరించి పనికి తెచ్చుకునే పద్ధతి

తిరుపతిలో ఉచితంగా ఏదో ఒకటి నేర్పే కేంద్రాలకు కొదవలేదు. వాటిలో ఎవరినైనా "మీ దగ్గర ఎవరెవరు చేరుతున్నారు?" అని అడగండి. "అందరూ వస్తారండీ, మేం ఎవర్నీ కాదనం" అంటారు. నిజమే, ఎవరూ ఎవర్నీ కాదనరు. కానీ తలుపులు బార్లా తెరిచి పెట్టినా గడప దాకా రానివాళ్ళు ఉంటారు. చేరి నెల తిరక్కుండానే మానేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళెవరో తెలియాలంటే లెక్క ఉండాలి. ఆడవాళ్ళా మగవాళ్ళా, ఏ సామాజిక వర్గం, ఏ ఊరు, ఇంట్లో ఏ భాష, వైకల్యం ఉందా అన్న వివరాలు అడిగి రాసుకోవాలి.

అడగడం దగ్గరే అందరికీ టెన్షన్. కులం అడిగితే ఏమనుకుంటారోనని కొందరు ఆ జోలికే పోరు. ఇంకొందరు నాలుగు పేజీల ఫారం కొట్టించి, గోత్రం తప్ప అన్నీ రాయించుకుని, ఆ కట్టను బీరువా మీద పడేస్తారు. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. అడగకపోతే మనకు తెలియకుండా పోతుంది, అంతే. అడిగి వాడకపోతే జనం గుట్టు ఊరికే మన దగ్గర పడి ఉంటుంది.

ఒక ట్రస్టో, శిక్షణ కేంద్రమో, స్కాలర్‌షిప్ పథకమో నడిపేవాళ్ళ కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. తేలిగ్గా అర్థమయ్యేలా ఒక కేంద్రాన్ని ఊహించుకుందాం. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో, 18 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకు కంప్యూటరూ, టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేరూ నేర్పి, శ్రీసిటీ కంపెనీల్లోనో ఊళ్ళోని ఆఫీసుల్లోనో ఉద్యోగం చూపించే కేంద్రం. బ్యాచికి 60 మంది.

1. ముందు నిర్ణయం, తర్వాతే ప్రశ్న

ఫారం తయారు చేయడానికి కూర్చోకండి. ఒక కాగితం తీసుకుని, ఈ ఏడు మీ చేతిలో ఉన్న నిర్ణయాలు రాయండి. క్లాసు ఎన్నింటికి మొదలవ్వాలి, ఎన్నింటికి వదలాలి? ప్రకటన ఎక్కడ అంటించాలి, ఏ భాషలో వేయాలి? బస్సు ఛార్జీలు ఇవ్వాలా? క్లాసు మేడ మీదా, కింద గదిలోనా? చేరడానికి ఇంటర్ అర్హత కావాలా, పది చాలా? ఇప్పుడు ఒక్కో నిర్ణయం ఎదురుగా, అది మారాలంటే ఏ వివరం తెలియాలో రాయండి.

కాగితం మీద ఏ నిర్ణయానికీ అతుక్కోని వివరాన్ని అడగొద్దు. "ఎందుకైనా మంచిది, ఉండనీ" అన్న మాట కమిటీలో తప్పకుండా వస్తుంది. దానికి ఒకటే జవాబు: ఆ వివరం తెలిస్తే రేపు మనం ఏం మారుస్తాం? ఎవరూ చెప్పలేకపోతే ఆ ప్రశ్న తీసేయండి. ఫారం ఒక పేజీకి దిగుతుంది. మన దగ్గర ఒక పేజీ ఫారం నింపినంత బుద్ధిగా నాలుగు పేజీలది ఎవరూ నింపరు.

మతం సంగతి చూడండి. శుక్రవారం నమాజు వేళకూ రంజాన్ నెలకూ తగ్గట్టు క్లాసులు సర్దాలన్నది మీ ఉద్దేశమైతే, మతం అడగక్కర్లేదు. "క్లాసుకు రావడానికి మీకు వీలుకాని రోజులు, గంటలు ఏవి?" అని అడిగితే చాలు. ఆ జవాబులోనే శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది, ఆదివారం పొద్దున చర్చి వస్తుంది, సాయంత్రం పాలు పిండే వేళా వస్తుంది. అలా కాకుండా ముస్లిం వాడల నుంచి మన దగ్గరికి వస్తున్నారా లేదా అన్నదే ప్రశ్న అయితే, మతం సూటిగా అడగాల్సిందే. కొన్ని ముస్లిం వర్గాలను చేర్చిన బీసీ-ఈ గ్రూపు సంఖ్య చూసి అదే ముస్లింల సంఖ్య అనుకుంటే పొరపాటు. దూదేకులవాళ్ళు బీసీ-బీలో ఉన్నారు. సయ్యద్, పఠాన్ లాంటివాళ్ళు బీసీ-ఈలోకి రారు.

2. పోల్చుకోవడానికి ఉన్న లెక్కలు

మన దగ్గర ఎంతమంది ఉన్నారన్నది ఒంటిగా ఏమీ చెప్పదు. బయట ఎంతమంది ఉన్నారో పక్కన పెట్టుకోవాలి. 2011 జనగణన ప్రకారం అవిభక్త చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు. అందులో ఎస్సీలు 18.8 శాతం, ఎస్టీలు 3.8 శాతం. అప్పటి అక్షరాస్యత 71.5 శాతం. పాత లెక్కే, కానీ 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఊరూరికీ పూర్తి లెక్క కావాలంటే ఇదే దిక్కు.

ఇక్కడో మెలిక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అప్పుడు ఏర్పడిన తిరుపతి జిల్లాలో పాత చిత్తూరు మండలాలతో పాటు గూడూరు, వెంకటగిరి, సూళ్ళూరుపేట లాంటి పాత నెల్లూరు ప్రాంతాలూ కలిశాయి. యానాదుల జనాభా నెల్లూరు వైపు ఎక్కువ కావడంతో, ఎస్టీల వాటా అక్కడ పాత చిత్తూరులో కంటే బాగా ఎక్కువ. అందుకే పాత జిల్లా శాతం తీసుకుని కొత్త జిల్లాకు అంటగట్టొద్దు. జనగణనలో ఊరివారీగా, మండలంవారీగా జనాభా, స్త్రీ పురుషులు, ఎస్సీ, ఎస్టీ సంఖ్యలు దొరుకుతాయి. మీ దగ్గరికి విద్యార్థులు ఏయే మండలాల నుంచి రాగలరో ఆ మండలాల అంకెలు కూడుకుంటే సరిపోతుంది. ఒక పూట పని.

బీసీలకు అలాంటి ఆధారం లేదు. 1931 తర్వాత దేశమంతటా అన్ని కులాల లెక్క జనగణనలో వెలువడలేదు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణనలో కులం కూడా నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. ఆ అంకెలు వచ్చేదాకా బీసీల విషయంలో జనాభాతో పోల్చకుండా, పోయిన ఏడు మన బ్యాచితోనే పోల్చుకోవాలి. కాలేజీలైతే ఉన్నత విద్య మీద ఏటా జరిగే ఆయిషే సర్వేకి ఎటూ సామాజిక వర్గంవారీగా అంకెలు పంపుతుంటాయి. బడులకు యూడైస్ అనే అలాంటి లెక్కే ఉంది. మళ్ళీ అడిగే ముందు మీ ఆఫీసులోనే ఆ ఫైలు వెతకండి.

ఇప్పుడు 60 మంది బ్యాచి తీసుకోండి. పాత చిత్తూరు మండలాల నుంచే వస్తున్నారనుకుంటే, జనాభా వాటా ప్రకారం ఎస్సీలు 11 మంది, ఎస్టీలు ఇద్దరు ఉండాలి. కానీ ఎస్టీలు ఒక్కరూ లేరనుకోండి. వెంటనే "చూశారా, వివక్ష!" అనకండి. వాటా 3.8 శాతమే ఉన్నప్పుడు, ఏ అడ్డూ లేకపోయినా 60 మందిలో ఒక్కరు కూడా తగలకపోవడానికి దాదాపు పదింట ఒక వంతు అవకాశం ఉంది. వరసగా మూడు బ్యాచిల్లో, అంటే 180 మందిలో ఒక్కరూ లేరంటే మాత్రం అది యాదృచ్ఛికం అయ్యే అవకాశం వెయ్యింట ఒక వంతుకు పడిపోతుంది. అక్కడ ఏదో అడ్డు ఉంది. చిన్న సంస్థలు ఒక్క బ్యాచి చూసి తీర్పు చెప్పకూడదు, రెండు మూడు ఏళ్ళవి కలిపి చూడాలి అనేది ఇందుకే.

ఇంకో సంగతి. ఇంటర్ పాసైతేనే చేర్చుకుంటాం అన్నారనుకోండి. అప్పుడు రెండు పోలికలు కావాలి. మొత్తం జనాభాతో ఒకటి, ఇంటర్ పాసైనవాళ్ళతో ఒకటి. రెండోదాంతో పోలిస్తే మనం బాగానే ఉండి, మొదటిదాంతో పోలిస్తే వెనకబడి ఉంటే, అడ్డు మన ప్రకటనలో లేదు, అర్హతలోనే ఉంది. టాలీ నేర్చుకోవడానికి నిజంగా ఇంటర్ కావాలా అన్న చర్చ అప్పుడు మొదలవ్వాలి.

3. ప్రశ్నలను మాటల్లో పెట్టడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

సామాజిక వర్గం: "మీది ఏ సామాజిక వర్గం? (మీరు చెప్పిందే రాసుకుంటాం, సర్టిఫికెట్ అక్కర్లేదు.)" కింద ఎస్సీ, ఎస్టీ, బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-సీ, బీసీ-డీ, బీసీ-ఈ, ఓసీ, తెలియదు, చెప్పడం ఇష్టం లేదు. చివరి రెండూ తప్పనిసరి. తన బీసీ ఏదో తెలియనివాళ్ళు చాలామందే ఉంటారు. "తెలియదు" లేకపోతే ఏదో ఒకటి టిక్కు పెడతారు.

సర్టిఫికెట్ అడగొద్దని ఎందుకంటున్నానంటే, మనది సీటు కేటాయించే లెక్క కాదు, పరిస్థితి తెలుసుకునే లెక్క. కుల ధృవీకరణ పత్రం లేని యానాది కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పత్రం అడిగితే, ఎవరు రావడం లేదో తెలుసుకుందామని మొదలుపెట్టి వాళ్ళనే లెక్కలోంచి తీసేసినట్టవుతుంది. సీట్లు కేటాయిస్తుంటే మాత్రం పత్రం కావాలి. అది వేరే ఫారం, వేరే చోట పని.

పేరు చూసి, ఇంటిపేరు చూసి గుమాస్తా తనే నింపేయడం మన ఆఫీసుల్లో మామూలు. దాన్ని గట్టిగా ఆపండి. పేరు చివర నాయుడు అని ఉంటే చిత్తూరులో ఒక కులం అనుకుంటారు, శ్రీకాకుళంలో ఇంకొకటి. అసలు ఒకరి కులం ఇంకొకరు ఊహించి రాయడమే తప్పు, ఊహ నిజమైనా సరే.

ఉపకులం అడగాలా? మామూలుగా వద్దు. కానీ ఎస్సీ వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2025లో మన రాష్ట్రం మూడు గ్రూపులుగా విభజించింది. ఒకే గొడుగు కింద ఉన్నవాళ్ళలో కూడా కొందరే ముందుకు పోతున్నారన్నది దాని వెనక ఉన్న వాదన. ఎస్టీల్లోనూ అంతే. మన వైపు యానాదులు, ఎరుకలు, సుగాలీలు, నక్కలవాళ్ళు ఉన్నారు, వీళ్ళందరి పరిస్థితీ ఒకటి కాదు. మీ పని ప్రత్యేకంగా ఎస్టీ కాలనీల్లోనే అయితే ఉపకులం తెలియాలి. బ్యాచిలో ఇద్దరు ఎస్టీలు ఉన్న కేంద్రానికి అది అక్కర్లేదు. అక్కడ ఉపకులం రాస్తే మనిషిని వేలుపెట్టి చూపించినట్టే.

కులం, మతం ప్రశ్నలను పక్కపక్కన పెట్టకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, తర్వాత సవరణలతో కలిపి, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్ళకే ఎస్సీ హోదా. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. కాగితం మీద ఎస్సీగా ఉండి ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం ఈ రెండు ప్రశ్నలూ ఒకదాని కింద ఒకటి చూస్తే, "సర్టిఫికెట్ రద్దు చేయడానికేమో" అనుకుంటుంది. ఆ భయాన్ని తీసిపారేయలేం. ఇక ఆ ఫారంలో వాళ్ళు రాసే ఏ జవాబూ నమ్మకంగా ఉండదు.

లింగం: స్త్రీ, పురుషుడు, ట్రాన్స్‌జెండర్, చెప్పడం ఇష్టం లేదు. తన లింగ గుర్తింపు తానే చెప్పుకునే హక్కు ఉందని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆధార్‌లో ఏముందో చూసి సరిదిద్దకండి. పక్కనే "మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?" అన్న గడి పెట్టండి. హాజరు పట్టీలో ఆ పేరే వేయండి.

వైకల్యం: "మీరు వికలాంగులా? అవును, కాదు" అని అడిగితే చాలామంది తప్పిపోతారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే అవునంటారు. ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు ఆరు చిన్న ప్రశ్నలు తయారుచేసింది. అవి వాడుకోండి. కళ్ళద్దాలు పెట్టుకున్నా చూడటంలో ఇబ్బంది ఉందా? వినికిడి యంత్రం పెట్టుకున్నా వినడంలో ఇబ్బంది ఉందా? నడవడం, మెట్లెక్కడంలో? గుర్తుపెట్టుకోవడం, మనసు నిలపడంలో? స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి సొంత పనుల్లో? మీ మాట ఎదుటివాళ్ళకు అర్థం కావడంలో, వాళ్ళది మీకు అర్థం కావడంలో? ఒక్కోదానికి నాలుగు జవాబులు: ఇబ్బంది లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. ఏ ఒక్కదానికైనా "చాలా" లేదా "అసలు చేయలేను" అంటే లెక్కలోకి తీసుకోవాలి. ఈ ఆరింటిలో వైకల్యం అన్న మాటే రాదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ జాబితా మొత్తం ఫారంలో అచ్చు వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. మేడ మీద క్లాసు కిందికి దించాలా వద్దా అన్నది నడక ప్రశ్నే చెబుతుంది.

భాష: రెండు ప్రశ్నలు, ఒకటి కాదు. "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" "ఏ భాషలో చదివితే తేలిగ్గా అర్థమవుతుంది?" నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడి, తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం తమిళంలో కరపత్రం వేస్తే విద్యార్థికి పనికిరాకపోవచ్చు, పంపించాలా వద్దా అని నిర్ణయించే అమ్మకు పనికొస్తుంది. కుప్పంలో తమిళం, కన్నడం రెండూ ఉన్నాయి. ఉర్దూ సంగతి సరేసరి.

ఆదాయం అడగొద్దు. ఎవరైనా రేషన్ కార్డుకు సరిపోయే అంకే చెబుతారు. రైస్ కార్డు ఉందా అని అడిగినా ఎక్కువమందికి ఉంటుంది కాబట్టి తేడా కనబడదు. బదులుగా ఇవి అడగండి: మీ ఇంట్లో పది పాసైన మొదటి మనిషి మీరేనా? సొంత ఫోను ఉందా, ఇంట్లోవాళ్ళదా? ఇల్లు దాటి మా దగ్గరికి చేరడానికి ఎంతసేపు పడుతుంది, ఎన్ని బండ్లు మారాలి? చూసుకోవాల్సిన చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారా? వీటికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

అచ్చుకిచ్చే ముందు ఐదారుగురితో చదివించండి. మీ ఆఫీసువాళ్ళతో కాదు. "ఈ ప్రశ్న మిమ్మల్ని ఏం అడుగుతోందో మీ మాటల్లో చెప్పండి" అనండి. అక్కడ తడబడిన ప్రశ్నను మార్చండి.

4. ఎవరు అడగాలి, ఎక్కడ అడగాలి

కులం అడిగించుకున్న అనుభవం మన ఊళ్ళో అందరికీ ఉంది, ముఖ్యంగా అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్ళకు. "మీరేమిట్లు?" అని అడిగి, జవాబు వినగానే "ఇల్లు మా బంధువులకు అనుకున్నామే" అన్నవాళ్ళను చూసినవాళ్ళు మన ఫారం ముందు ఆగిపోవడంలో వింతేముంది?

కాబట్టి అడిగే చోటు మార్చాలి. దరఖాస్తుల బల్ల ఎలా ఉంటుందో మీకు తెలుసు. వెనక వరసలో పదిమంది, పక్కన తోడొచ్చిన బావగారు, ముందు గుమాస్తా గట్టిగా చదివి వినిపిస్తుంటాడు. అక్కడ ఈ ప్రశ్నలు వద్దు. సామాజిక వివరాల పేజీ విడిగా ఉండాలి, విడి గదిలో నింపించాలి. రాయలేనివాళ్ళకు చదివి వినిపించేటప్పుడు జవాబుల కార్డు చేతికివ్వండి. కార్డు మీద ఒక్కో జవాబుకు ఒక్కో అంకె. చదవలేనివాళ్ళకు ముందే ఒకసారి వరసగా వినిపించి, "మీదేదో ఆ అంకె చూపించండమ్మా" అంటే చాలు. కులం పేరు గది దాటి వినబడదు. ఆడవాళ్ళ దగ్గర ఆడవాళ్ళే కూర్చుంటే మంచిది. తోడొచ్చినవాళ్ళకు బయట కుర్చీ, టీ.

ఈ పేజీ ఎంపిక చేసేవాళ్ళ కంటపడకూడదు. అది ఖాయం చేయకుండా "దీనికీ మీ ఎంపికకూ సంబంధం లేదు" అని చెబితే అబద్ధం చెప్పినట్టే. వీలైతే ఎంపిక జాబితా పెట్టాకే, దరఖాస్తు చేసిన అందరినీ, సీటు రానివాళ్ళనూ అడగండి. సీటు రానివాళ్ళ వివరాలు లేకపోతే ఎంపికలో ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. మళ్ళీ పిలిపించడం కుదరదనుకుంటే దరఖాస్తు రోజే తీసుకుని, కవరులో పెట్టి అంటించి, ఎంపిక అయ్యేదాకా తెరవకండి.

"స్కీమేమన్నా వస్తాదా సార్?" అని తప్పకుండా అడుగుతారు. సచివాలయం సర్వే, ఇంకో సర్వే, మరో సర్వే చూసినవాళ్ళు. "రాదు. మా క్లాసు వేళలు, ఛార్జీలు, ప్రకటనలు సరిచేసుకోవడానికే. చెప్పకపోయినా మీ సీటుకు ఢోకా లేదు" అని సూటిగా చెప్పండి. ఆశ పెట్టి తీసుకున్న వివరాలు రెండో ఏడు తిరగబడతాయి.

5. సమ్మతి, చట్టం

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ముఖ్య బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలవుతాయి. కాగితం మీద రాయించుకుని తర్వాత ఎక్సెల్‌లో ఎక్కించినా చట్టం వర్తిస్తుంది. ఏ వివరం, ఎందుకోసం అన్నది ముందే తేట మాటల్లో చెప్పాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా ఆ నోటీసు చూసుకునే వీలుండాలి. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ అన్నీ అందులో ఉన్నాయి. ఇచ్చిన సమ్మతిని అంతే తేలిగ్గా వెనక్కి తీసుకోనివ్వాలి. 18 ఏళ్ళు నిండనివాళ్ళయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. భద్రత గాలికొదిలేస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్ళొచ్చు.

6. దాచడం

ఇది వినడానికి చప్పగా ఉంటుంది, చేయడానికి ఒక గంట చాలు. రెండు ఫైళ్ళు పెట్టండి. ఒకదాంట్లో పేరు, ఫోను నంబరు, ఒక కోడు. రెండోదాంట్లో అదే కోడు, సామాజిక వివరాలు. మొదటిది ఒక్కరి దగ్గరే, పాస్‌వర్డ్‌తో. రెండు ఫైళ్ళూ ఒకే కంప్యూటర్లో పక్కపక్కన ఉంటే విడదీసి లాభం లేదు. ఏ ఫైలూ వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు. "ఒకసారి లిస్టు పెట్టండి సార్" అని కమిటీ సభ్యుడు అడిగినా సరే, మొత్తాల అంకెలే ఇవ్వాలి.

ఆధార్ జిరాక్సు అవసరం లేదు, తీసుకోకండి. పాత పేపర్ల కొట్టుకు చేరిన దరఖాస్తులు ఏమవుతాయో పల్లీల పొట్లం విప్పి వెనకవైపు చదివినవాళ్ళకు తెలుసు. ఫొటో, ఫోను నంబరు, సంతకం అన్నీ ఉంటాయి దాని మీద. ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించి సరిచూసుకున్నాక చింపి ముక్కలు చేయండి. ఏ తేదీకి చేస్తారో ముందే నోటీసులో రాయండి.

7. లెక్క చదవడం

చాలామంది ఇక్కడికి వచ్చి ఒక రంగురంగుల చక్రం గీసి ఆగిపోతారు. "మా బ్యాచిలో 50 శాతం మహిళలు" అని బ్యానరు కడతారు. చేరినవాళ్ళ శాతం కంటే, ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారన్నది ముఖ్యం. దరఖాస్తు, ఎంపిక, చేరిక, పూర్తి, ఉద్యోగం అని ఐదు మెట్లు పెట్టుకుని, ప్రతి మెట్టు దగ్గరా ప్రతి వర్గానికీ విడిగా లెక్క వేయండి.

ఒక ఉదాహరణ. అంకెలు నేను కల్పించినవే, పద్ధతి చూడండి. ఏడాదిలో వందమంది చేరారు, ఆడవాళ్ళు 50, మగవాళ్ళు 50. పూర్తి చేసింది 32 మంది ఆడవాళ్ళు, 42 మంది మగవాళ్ళు. కమిటీలో వెంటనే ఒకరు "ఆడపిల్లలకు శ్రద్ధ తక్కువ" అంటారు, ఇంకొకరు "అవగాహన సదస్సు పెడదాం" అంటారు. ఆగి, ఊరిని బట్టి కూడా విడదీయండి. తిరుపతిలోనే ఉండే ఆడవాళ్ళు 25 మంది చేరితే 22 మంది పూర్తి చేశారు. పాకాల, ఏర్పేడు లాంటి చోట్ల నుంచి వచ్చే ఆడవాళ్ళు 25 మందిలో 10 మందే పూర్తి చేశారు. మగవాళ్ళు ఊళ్ళోవాళ్ళు 25కి 21, బయటివాళ్ళు 25కి 21. అంటే ఆడవాళ్ళు కావడం ఒక్కటే కారణం కాదు, దూరం ఒక్కటే కారణం కాదు. రెండూ కలిసినచోటే తెగుతోంది. సాయంత్రం ఏడింటికి క్లాసు వదిలితే, ఆ పైన బస్సు పట్టుకుని, దిగినచోటు నుంచి చీకట్లో ఊళ్ళోకి నడవాలి. మగపిల్లాడు స్నేహితుడి బండెక్కుతాడు. ఆడపిల్లను ఇంట్లోవాళ్ళు మాన్పిస్తారు. దీనికి సదస్సు అక్కర్లేదు. క్లాసు నాలుగున్నరకు వదిలితే చాలు.

ఇలా రెండేసి వివరాలు కలిపి చూడటం అలవాటు చేసుకోండి. ఎస్సీలు ఒక వరస, మహిళలు ఒక వరస అని విడిగా చూస్తే ఎస్సీ మహిళలు ఎక్కడా కనబడరు. మూడు వివరాలు కలిపితే మాత్రం చిన్న కేంద్రంలో ఒక్కొక్క గడిలో ఒకరో ఇద్దరో మిగులుతారు. అక్కడ లెక్క ఆపి, మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టండి. మానేసినవాళ్ళకు ఫోను చేయండి. "ఎందుకు మానేశారు?" అంటే "ఇంట్లో బాగలేక" అంటారు, అంతకంటే రాదు. "చివరిసారి వచ్చిన రోజు ఎట్లా వచ్చారు, ఎట్లా వెళ్ళారు?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

"చెప్పడం ఇష్టం లేదు" అన్న గడిని కూడా చదవాలి. దాన్ని మిగతా వర్గాలకు తలా కాస్త పంచేయకండి. చెప్పనివాళ్ళు అన్ని వర్గాల్లోనూ ఒకేలా ఉండరు, భయం ఉన్నచోటే ఎక్కువ ఉంటారు. ఒక బ్యాచిలో పదిమందీ ఇంకోదాంట్లో పాతికమందీ ఆ గడిలో ఉంటే, రెండోసారి ఎవరు అడిగారో, ఏ గదిలో అడిగారో వెతకండి.

8. మార్చడం, చెప్పడం

అంకెలు చేతికొచ్చిన నెలలోపు ఒక మార్పు చేయండి, పెద్దది కానక్కర్లేదు. దాని పక్కన ఎవరు చేస్తారు, ఎప్పటికల్లా, ఏ అంకె కదలాలి అని రాయండి. "బయటి ఊళ్ళ ఆడవాళ్ళు పూర్తి చేసేది 25కి 10 నుంచి 18కి చేరాలి" అని రాసుకుంటే వచ్చే ఏడు మనల్ని మనమే అడగగలం. ఎస్టీ కాలనీల నుంచి దరఖాస్తులే లేకపోతే, కొత్త పోస్టరు వేసే ముందు పాత పోస్టరు ఎక్కడెక్కడ అంటించామో చూడండి. బస్టాండు, కాలేజీ గేటు, కేంద్రం గోడ తప్ప ఇంకెక్కడా ఉండదు.

వివరాలు ఇచ్చినవాళ్ళకు ఫలితం చెప్పండి. నోటీసు బోర్డు మీద అరపేజీ చాలు: ఇది అడిగాం, ఇది తెలిసింది, ఇది మార్చాం. ఒక జాగ్రత్త. ఏ గడిలోనైనా ఐదుగురికి తక్కువ ఉంటే అంకె వేయకండి, "5 కంటే తక్కువ" అని రాయండి. ఒక్క గడి దాస్తే చాలదు. మొత్తం 60 అని వేసి, మిగతా గడులన్నీ చూపిస్తే దాచినది తీసివేతతో తేలిపోతుంది. ఇంకో గడి కూడా దాచాలి, లేదా రెండు వర్గాలు కలిపి చూపించాలి. బ్యాచిలో ఉన్న ఒకే ఒక్క ఎస్టీ అమ్మాయి నోటీసు బోర్డు ముందు నిలబడి తన గురించి తాను చదువుకునే పరిస్థితి రాకూడదు.

దాతలు ఫొటోలు అడుగుతారు, "ఎస్సీ ఎస్టీ విద్యార్థులతో ఒకటి" అని. ఇవ్వకండి. సమ్మతి క్లాసు వేళలు సర్దడానికి ఇచ్చారు, బ్రోచరుకు కాదు.

9. రెండో ఏడు

ఫారం మళ్ళీ తెరవండి. పోయిన ఏడు ఒక్క నిర్ణయాన్నీ కదిలించని ప్రశ్నలు కొట్టేయండి. మిగిలినవాటి మాటలు మార్చొద్దు, మారిస్తే ముందటేడుతో పోల్చడం కుదరదు. తప్పనిసరై మార్చాల్సి వస్తే ఎప్పుడు, ఏం మార్చారో ఫైలు మొదటి పేజీలో తేదీ వేసి రాయండి. కొత్త జనగణన అంకెలు వెలువడ్డాక పైన రెండో భాగంలో చెప్పిన కూడికలన్నీ మళ్ళీ చేయాలి. అప్పటికి మండలాల హద్దులు మారి ఉంటే, మీరు ఏయే మండలాలు కలిపారో ఆ పేర్లు రాసి ఉంచుకున్న కాగితం కావాల్సి వస్తుంది. దాన్ని మాత్రం చించేయకండి.